స్పడైనా వీధి ఓట్ల పద్దు

టొరాంటో నగరములో స్పడైనా వీధియు కాలేజీ వీధియు కలియు కూడలినుండి తూర్పుముఖముగా నడచినవాడు రమారమి పావుగంటలో ఒంటారియో రాష్ట్ర శాసనసభాభవనము ముందర నిలుచును. 1893లో ద్వారములు తెరచిన ఆ ఎఱ్ఱరాతి సౌధమును నగరవాసులు, అది నిలిచియున్న తోట పేరు పెట్టి, క్వీన్స్ పార్క్ అనియే పిలుతురు. పావుగంట నడకయే యైన ఆ దూరమును స్పడైనా కుట్టుశాలలలో సూదిని నమ్ముకొని బ్రదికిన జనము, తమలోని కార్మికు నొకనిని ముందు నడిపించి, దాటుటకు ఎంతకాలము పట్టెనో, దాటించిన పిదప పండ్రెండేండ్లకు ఆ జనమే వానిని ఏల ఇంటికి పంపెనో, ఆ నడుమ జరిగిన నాలుగు గెలుపుల వృత్తాంతమును ఇచ్చట చెప్పదలచితిని.

కెనడాలో నియోజకవర్గమును రైడింగ్ అందురు. ఆ మాట వినగానే మనకు గుఱ్ఱపుస్వారి తలపునకు వచ్చును గాని, దానికిని దీనికిని ఏమియు సంబంధము లేదు. ఇంగ్లండులోని యార్క్‌షైరు సీమను పూర్వము ఆక్రమించిన నార్సు జనులు దానిని మూడు భాగములు చేసి, ఒక్కొక్క మూడవ పాలికి తమ భాషలో పెట్టుకొన్న పేరు జనుల నోళ్లలో నలిగి నలిగి ఈ రూపము దాల్చి, వలసవచ్చినవారితోపాటు సముద్రము దాటినది. మన కథకు రంగస్థలమైన రైడింగ్ పేరు సెంట్ ఆండ్రూ. 1926 నాటి ఎన్నికలకు పుట్టి, 1963లో పొరుగునున్న సెంట్ పాట్రిక్‌తో కలిసిపోయి, ఆ విధముగా తన ప్రత్యేకనామమును పోగొట్టుకొన్న ఈ చిన్న నియోజకవర్గమునకు నలువదేండ్ల ఆయుర్దాయమైనను లేదు. అయినను రాష్ట్రములోని పెక్కు నియోజకవర్గములు పంపని వారిని అది పంపినది.

ఇరువదవ శతాబ్ది తొలిదినములలో, రష్యా చక్రవర్తి యేలుబడిలోని పోలండు, ఉక్రెయిన్, లిథువేనియా సీమలనుండి బయలుదేరిన యూదు కుటుంబములు టొరాంటో చేరి, మొదట నగరసభాభవనము దాపున వార్డ్ అను ఇరుకు పేటలో తలదాచుకొని, నాలుగు కాసులు వెనుక పడినంతనే పడమటికి కదలి, కెన్సింగ్టన్, ఆగస్టా, బాల్డ్‌విన్ వీధులలో కాలూనుకొన్నవి. ఇంటి ముందరి జాగాలోనే బల్లలు పరచి, చేపలును, బ్రదికియున్న కోళ్లును, ఊరవేసిన దోసకాయలును, రొట్టెలును అమ్మినందున ఆ సందులకు యూదుల అంగడి అని పేరు వచ్చినది. దానికి దక్షిణముగా స్పడైనా వీధి కిరుప్రక్కల ఎత్తైన కర్మాగారములు లేచి, చలికోటులు, స్త్రీల గౌనులు, టోపీలు, ఉన్ని దుస్తులు నగరమంతటికిని, దేశములో చాలభాగమునకును అందించినవి. యజమాని యూదుడు, కూలి యూదుడు, కూలిని యజమానిపై ఉసిగొల్పు సంఘనాయకుడును యూదుడే. ముగ్గురును ఒకే ప్రార్థనామందిరములో ఒకే బల్లపై కూర్చుండుటయు అరుదు కాదు.

ఆ వీధిలో లేబర్ లైసియం అను కార్మికభవన ముండెను. పగలు సంఘముల కార్యాలయములుగను, రాత్రి ఉపన్యాసములకును వాదములకును నెలవుగను ఉండిన ఆ భవనములోనే, 1940 మే నెలలో టొరాంటోలో కన్నుమూసిన అరాచకవాదిని ఎమ్మా గోల్డ్‌మన్ దేహమును జనుల దర్శనార్థ ముంచిరి. కొంచెము దూరమున స్టాండర్డ్ అను నాటకశాలలో తమ యిడ్డిష్ భాషలో నాటకము లాడెడివారు. ఈ పేటలో మాటకు కఱవు లేదు, కఱవైనది మన్ననయే. పెద్ద సంస్థలలో యూదునకు ఉద్యోగము దొరకదు. కొన్ని ఆసుపత్రులలో యూదు వైద్యునకు చోటులేదు. కొన్ని వేసవి విడుదుల ద్వారములపై యూదులు రారాదని పలకలు వ్రేలాడుచుండెను. 1933 ఆగస్టు 16వ తేదీ సాయంకాలము క్రిస్టీ పిట్స్ అను మైదానమున బేస్‌బాల్ ఆట ముగియగానే ఒకడు హిట్లరు స్వస్తిక మున్న గుడ్డ ఎత్తిచూపినంతట మొదలైన కొట్లాట గంటలకొలది సాగి, స్పడైనానుండి బండ్లెక్కివచ్చిన కుట్టుపనివారును, అంగడి కుఱ్ఱవాండ్రును, వారికి తోడైన ఇటలీ యువకులును ఒకవైపు, గుడ్డ ఎత్తిన పక్షమువారు ఒకవైపుగా, నగరచరిత్రలో పేరుమోసిన పెద్ద అల్లరిగా పరిణమించినది. దాని తరువాత ఆ పేటవారు ఓటు వేయుటకు వెళ్లినప్పుడెల్ల మనస్సున ఏముండెనో ఊహించుట కష్టము కాదు.

సెంట్ ఆండ్రూనుండి 1929లో ఎన్నికైన ఎఫ్రేయిమ్ ఫ్రెడరిక్ సింగర్ కన్సర్వేటివు పక్షమువాడు. ఒంటారియో శాసనసభలో అడుగుపెట్టిన మొదటి యూదుడు. ఇతని పేర నిలిచిన కార్యము చూచుటకు చిన్నది. ఆ దినములలో కొన్ని బీమా కంపెనీలు యూదుడన్నంతనే హెచ్చు రుసుము కట్టుమనుటయో, అసలే పాలసీ ఇయ్యకుండుటయో ఆచారముగా పెట్టుకొనియుండ, సింగర్ పట్టుదలవలన 1932లో బీమా చట్టమునకు సవరణ జరిగి, జాతిమతములను పట్టి రేట్లలో భేదము చూపుట నిషిద్ధమైనది. జాతివివక్షకు విరుద్ధముగా ఆ రాష్ట్రములో కొనసాగిన శాసనపరంపరకు ఇది తొలిమెట్టు. ఇంత చేసినను 1934లో లిబరల్ పక్షపు వెల్లువ రాష్ట్రమంతట పొంగినప్పుడు సింగర్ కొట్టుకొనిపోయి, జాన్ జూడా గ్లాస్ అను లిబరల్ పక్షీయుడు ఆ స్థానమున నెగ్గెను.

1937లో ఆ గ్లాస్ పైకి పోటీకి దిగినవాడే మన కథానాయకుడు, జోసెఫ్ బారుఖ్ సాల్స్‌బర్గ్. పేటవారి నోట ఇతడు 'జే.బీ.' మాత్రమే. 1902లో పోలండులోని లాగోవ్ అను గ్రామమున పుట్టి, తండ్రి ముందుగా పోయి నిలదొక్కుకొనిన పిదప 1913లో తల్లితోడను, తోబుట్టువులతోడను టొరాంటో చేరెను. కుమారుడు వేదాధ్యయనము చేసి మతగురువు కావలెనని ఇంటివారి కోరిక. కుమారుడో, పదమూడేండ్ల యీడున బడి విడిచి తోలుసామానుల కర్మాగారములో కూలికి కుదిరెను. మొదట యూదుల జాతీయోద్యమమునకు చెందిన శ్రామిక యువజన సంఘములో తిరిగి, 1926లో కమ్యూనిస్టు పార్టీలో చేరి, టోపీల కార్మికుల సంఘములో పైమెట్టు లెక్కెను. 1937 వసంతమున ఒషావా పట్టణములో జనరల్ మోటార్స్ కార్మికులు కెనడా కార్మికచరిత్రనే మలుపుత్రిప్పిన సమ్మె చేసినప్పుడు, వారికి అమెరికాలోని మోటారు కార్మికుల సంఘముతో పొత్తు కుదిర్చినవారిలో ఇతడు ముఖ్యుడు. ఆ సమ్మెను తెగబడి ఎదిరించిన ముఖ్యమంత్రి మిచెల్ హెప్‌బర్న్ అదే సంవత్సరము అక్టోబరులో ఎన్నికలు జరిపి మరల గద్దె నెక్కగా, సెంట్ ఆండ్రూలో హెప్‌బర్న్ పక్షమువాడే నెగ్గెను, సాల్స్‌బర్గ్ ఓడెను.

ఆ వెంటనే 1938లో నాలుగవ వార్డునుండి నగరసభకు ఎన్నికై, ఏడాది తిరుగకమునుపే ఆ స్థానమును పోగొట్టుకొని, మరల 1943లో దానిని గెలుచుకొన్న ఈ మనుష్యుని యోపికను చూడగా, ఓటమి యతనికి ఒక పాఠమువలె కాక, సమ్మెలో పని లేక గడచిన వారమువలె తోచెడిదేమో యని నాకనిపించును. నడుమనే యుద్ధము వచ్చినది. 1940లో కమ్యూనిస్టు పార్టీని ప్రభుత్వము నిషేధించెను. నాయకులు కొందరు నిర్బంధమునను, కొందరు అజ్ఞాతవాసమునను ఉండిరి. 1941లో హిట్లరు రష్యాపై దండెత్తుటతో నిన్నటి నేరస్థులు నేటి మిత్రులైరి. 1943 ఫిబ్రవరిలో స్టాలిన్‌గ్రాడ్ విజయవార్త వెలువడినప్పుడు, స్పడైనాలోని యూదునకు ఎఱ్ఱసేన యనగా ఒక సిద్ధాంతపు సేన కాదు; పోలండులో మిగిలియున్న తన మేనత్తను, పెదతండ్రి బిడ్డలను ఎవరైన కాపాడగలిగిన యెడల కాపాడగల సేన యదియే.

ఇట్టి గాలి వీచుచుండగా 1943 ఆగస్టు 4వ తేదీన రాష్ట్రమంతట ఎన్నికలు జరిగినవి. సాల్స్‌బర్గ్ సెంట్ ఆండ్రూలోను, ఏ.ఏ. మక్లౌడ్ అను సహచరుడు దానికి పడమటనున్న బెల్‌వుడ్స్‌లోను లేబర్ అభ్యర్థులుగా నిలిచి నెగ్గిరి. నిషిద్ధమైన పార్టీ లేబర్ ప్రోగ్రెసివ్ పార్టీ యను క్రొత్త పేరుతో వెలసినది ఈ ఎన్నికలైన కొద్దివారముల కనగా, వారు మొదట సభ్యులై, పిదప పార్టీవారైరని చెప్పవలెను. ఆనాటి సభలో 90 స్థానములు. జార్జి డ్రూ నాయకత్వమున కన్సర్వేటివులు 38, సి.సి.ఎఫ్. అను సామ్యవాదపక్షమువారు 34, లిబరల్‌లు 15. ఎవ్వరికిని నిండుబలము లేని ఆ సభలో ఇద్దరి మాటకైనను విలువ యుండెను.

ఆ విలువను సాల్స్‌బర్గ్ వృథా చేయలేదు. యూదులకును, నల్లవారికిని ప్రవేశము లేదని చాటు పలకలను నిషేధింపవలెనని అతడు వెంటబడగా, కమ్యూనిజము పేరు వినిన మండిపడు డ్రూయే 1944లో జాతివివక్ష నిషేధ చట్టమును తెచ్చి నెగ్గించెను. పలకలను, ప్రకటనలను మాత్రమే అది తాకినది. ఉద్యోగమిమ్మనలేదు, ఇల్లమ్ముమనలేదు. పలక తీసివేయగనే మనస్సులోని పలక పోవునా యని పరిహసించినవారును, వాక్స్వాతంత్ర్యమునకు భంగమని వాదించినవారును ఉండిరి. కాని చట్టమనునది ఒకమారు పుస్తకమున కెక్కిన పిదప దాని నీడ ఎంతదూరము పడునో దానిని వ్రాసినవారికే తెలియదు. మరుసటి సంవత్సరము డ్రమండ్ రెన్ అను శ్రామిక విద్యాసంఘ నాయకుడు, ఒక ఇంటిస్థలపు దస్తావేజులో ఆ స్థలమును యూదులకు అమ్మరాదని వ్రాసియున్న షరతును కొట్టివేయుమని న్యాయస్థానమున కెక్కగా, న్యాయమూర్తి కైలర్ మకై, ఈ పలకల చట్టమునే రాష్ట్ర ప్రజానీతికి ఆధారముగా చూపి, ఆ షరతు చెల్లదని తీర్పు చెప్పెను. వాకిటి పలకకై చేసిన చట్టము దస్తావేజులలోని పలకను కూడ ఊడబెరికినది.

1945 జూన్‌లో మరల ఎన్నికలు. డ్రూకు 66 స్థానములు వచ్చి, సి.సి.ఎఫ్. 34నుండి 8కి దిగజారగా, ఆ గాలివానలో సాల్స్‌బర్గ్, మక్లౌడ్ చెక్కుచెదరలేదు. ఆ సెప్టెంబరుననే అటావాలోని సోవియట్ రాయబార కార్యాలయపు గుమాస్తా ఇగర్ గూజెంకో రహస్యపత్రములతో బయటపడుట, మరుసటి యేడు మాంట్రియాలునుండి ఎన్నికైన ఆ పార్టీ ఏకైక పార్లమెంటు సభ్యుడు ఫ్రెడ్ రోజ్ గూఢచర్యనేరమున చెరబడుట జరిగి, కమ్యూనిస్టు అన్న మాటయే దేశమంతట గరళమైనది. అయినను 1948లో సెంట్ ఆండ్రూ సాల్స్‌బర్గ్‌నే పంపినది. ఆ ఎన్నికలలో కన్సర్వేటివులు నెగ్గిరి గాని ముఖ్యమంత్రి డ్రూ మాత్రము తన హై పార్క్ నియోజకవర్గములో మద్యనిషేధవాది యైన ఒక సి.సి.ఎఫ్. అభ్యర్థి చేతిలో ఓడెను. రాష్ట్రమేలువానికి సొంత పేటలో దొరకని నమ్మకము, రాష్ట్రమంతయు అనుమానించువానికి సొంత పేటలో దొరకినది.

దీనికి కారణమేమని అడిగిన, సిద్ధాంతమని చెప్పువారును, యుద్ధకాలపు మైకమని చెప్పువారును కలరు. నాకు మాత్రము ఆ ఓట్లు పార్టీ యార్జించిన సొమ్ముగా తోచవు, జే.బీ. ముఖము చూచి, అతని హామీపై, ఆ పేట పార్టీకిచ్చిన చేబదులుగా తోచును. ఇంటియద్దె తగవైనను, గాయపడిన పనివానికి రావలసిన పరిహారమైనను, యిడ్డిష్‌లోనే చెప్పుకొనవచ్చును, సమాధానమును యిడ్డిష్‌లోనే వినవచ్చును. సభలో ఇతడు లేచినప్పుడు ఎదుటిపక్షమువారు సైతము కుర్చీలు సరిచేసికొని వినెడివారు. 1949లో ముఖ్యమంత్రి యైన లెస్లీ ఫ్రాస్ట్ చిన్న పట్టణపు న్యాయవాది, నెమ్మదిపరుడు. ఈ టోపీల సంఘ నాయకుని యందు అతనికి దాచుకొనని గౌరవముండెను.

1951 నవంబరు ఎన్నికలలో ఫ్రాస్ట్ 90కి 79 స్థానములు గెలిచెను. సి.సి.ఎఫ్.కు రెండే మిగిలినవి. ఆ పక్షపు నాయకుడే ఓడెను. ఒంటారియో శాసనసభకు 1943లో తొలిసారి ఎన్నికైన ఇరువురు స్త్రీలలో నొకతె యగు ఆగ్నెస్ మక్‌ఫైల్ ఓడెను. బెల్‌వుడ్స్‌లో మక్లౌడ్ ఓడెను. ఒక్క సాల్స్‌బర్గ్ నిలిచెను. దిగ్విజయుడైన ప్రభువు ఎదుట సభలో ఒంటరి కమ్యూనిస్టు మిగులుట చూచి స్పడైనావారు గర్వించియుందురు. కాని ఆనాడు తెలివిగలవారు చూడవలసిన లెక్క బెల్‌వుడ్స్‌ది. అచ్చట మక్లౌడ్‌ను ఓడించినవాడు జాన్ యరెమ్‌కో, ఉక్రెయిన్ సంతతివాడు, న్యాయవాది, కన్సర్వేటివు. నిన్నటివరకు ఎక్కువగా ఆంగ్లేయ ప్రొటెస్టంటులనే నమ్ముకొన్న పక్షము, వలసవారి పేటలలో వలసవారి బిడ్డలనే నిలుపవలెనని నేర్చుకొన్నది. అంతకుమించి, సాల్స్‌బర్గ్ ఏండ్లతరబడి గొంతుచించుకొని అడిగిన చట్టములను ఆ పక్షమే చేయనారంభించినది. 1951లో ఉద్యోగములలో జాతిమతభేదము కూడదను చట్టము, స్త్రీలకు సమానవేతన చట్టము వచ్చినవి. 1954లో హోటళ్లు, అంగళ్లు మొదలగు బహిరంగస్థలములలో భేదము కూడదను చట్టము వచ్చినది. అడుగువాని నోటిలోని మాటను ఇచ్చువాడు ఎత్తుకొనిపోయిన పిదప, అడుగువాని నోటికి పనియేమి?

పని లేకపోలేదు గాని, పిలుచువారు తగ్గిరి. చలువ గదులలో లెక్కలు వ్రాయు దొరలు చెప్పక్కరలేదు, బాతర్స్ట్ వీధి వెంట ఉత్తరమునకు కదలు సామాను బండ్లే చెప్పును. యుద్ధానంతరము నాలుగు డబ్బులు చేసికొనిన కుట్టుపనివారును, వైద్యులు న్యాయవాదులైన వారి బిడ్డలును కెన్సింగ్టన్ గదులు విడిచి, తోటలుగల ఇండ్లు కట్టుకొనుటకు నగరపు ఉత్తరభాగమునకు ఎక్కిపోవుచుండిరి. వారి ఓట్లు వారితోడనే పోయినవి. వారు విడిచిన గదులలో ఇతర దేశములనుండి క్రొత్తగా వలసవచ్చినవారు దిగుచుండిరి. వారిలో కమ్యూనిస్టుల యేలుబడినుండి పారిపోయివచ్చినవానిని కమ్యూనిస్టుకు ఓటిమ్మని అడుగుట యెట్లు? ఇటు సంఘములోను చీలికయే. 1951 చివర కెనడా యూదు మహాసభ, కమ్యూనిస్టులతో చెలిమిగల యూదు సంఘమును తన కూటమినుండి వెలివేసెను. 1953 జనవరిలో మాస్కోలో స్టాలిన్ వైద్యులను, వారిలో పెక్కురు యూదులను, విషప్రయోగ కుట్రదారులని నిందించుట, స్పడైనా రొట్టెల దుకాణములలో తేనీరు చల్లారిపోవునంతటి చర్చకు కారణమైనది. సాల్స్‌బర్గ్ తన పార్టీలోపల సోవియట్ యూదుల గతి యేమను ప్రశ్నను అడుగకపోలేదు. 1939లో మాస్కో వెళ్లివచ్చిననాటినుండియు అది యతని గుండెలో ముల్లే. అడిగినందుకు పార్టీ యతనిని దూరముగా నెట్టినది. వెలుపల మాత్రము ఓటరుల యెదుట అతడే ఆ పార్టీకి పూచీదారు. అసలు ఋణము తీసికొన్నవాడు మాస్కోలో మౌనముగా నుండగా, హామీ పడినవాని వాకిట అప్పులవారు కూర్చుండిరి.

1955 జూన్ 9వ తేదీ ఎన్నికలకు కన్సర్వేటివులు సెంట్ ఆండ్రూలో అలన్ గ్రాస్‌మన్‌ను నిలిపిరి. అతడును యూదుడే, రష్యానుండి వచ్చిన దంపతుల బిడ్డ, బీమా ఏజెంటు, ఆ పేట తరఫున నగరసభలో కూర్చున్నవాడు. యిడ్డిష్‌కు యిడ్డిష్, పరిచయమునకు పరిచయము. పైగా చేతిలో ఫ్రాస్ట్ ప్రభుత్వపు చట్టములు. అంతకు ఆరునెలల ముందు నేథన్ ఫిలిప్స్ టొరాంటోకు తొలి యూదు మేయరుగా ఎన్నికై, యూదుడు ఉన్నతపదవి కెక్కుటకు ఎఱ్ఱజెండా పట్టనక్కరలేదని ఋజువుపరచియుండెను. గ్రాస్‌మన్ నెగ్గెను. ఉత్తర అమెరికాలో కమ్యూనిస్టు పేరుతో శాసనసభలో కూర్చున్న కొలదిమందిలో ఒకనికి ఆనాటితో ఆ కుర్చీ తప్పినది.

మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ స్టాలిన్ దురంతములను బయటపెట్టిన పిదప, కెనడా పార్టీ ప్రతినిధులతో కలిసి సాల్స్‌బర్గ్ మాస్కో వెళ్లి, యూదుల సంగతి యేమని సూటిగా అడిగెను. వినిన సమాధానములలో పశ్చాత్తాపము లేదు, పాతకాలపు ద్వేషమే క్రొత్త మాటలతో పలికినది. తిరిగివచ్చి, చూచినదంతయు పత్రికలో వ్రాసి, 1957లో ముప్పదియేండ్ల పార్టీని విడిచెను. ఓడిపోయిన రెండేండ్లకు విడిచినవాడు ఓడకమునుపే విడిచియుండిన గెలిచెడివాడు కాడా యని చరిత్రకారులు వాదించుకొందురు గాని, గెలుపుకొఱకు విడిచినవానిని ఆ పేట గౌరవించియుండునా యనునది నా సందేహము.

గ్రాస్‌మన్ ఒంటారియో మంత్రివర్గములో చేరెను. 1975లో ఆయన విరమింపగా కుమారుడు లారీ గ్రాస్‌మన్ ఆ స్థానమును గెలుచుకొని, 1987 వరకు నిలుపుకొనెను. సాల్స్‌బర్గ్ యూదుల పత్రికలకు వ్యాసములు వ్రాయుచు, తన బ్రదుకుతెరువునకు బీమా వ్యాపారమున దిగి, 95 ఏండ్ల పండుముదిమిలో 1998 ఫిబ్రవరిలో టొరాంటోలోనే కన్నుమూసెను. ఆ విధముగా, సెంట్ ఆండ్రూకై తలపడిన ఇరువురిలో ఒకడు శాసనసభ కెక్కకమునుపును, మఱియొకడు శాసనసభనుండి దిగిన పిదపను బీమా పాలసీలే అమ్మిరి. 1932లో సింగర్ సాధించిన సవరణ పుణ్యమున ఆ పాలసీలలో యూదునికొక రేటు, ఇతరునికొక రేటు లేదు.